గుంపు పాడిన చరిత్ర

పందొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో ఇటలీ ఒక దేశం కాదు. మిలాన్, వెనిస్ ఆస్ట్రియా ఏలుబడిలో ఉండేవి. రోమ్ పోపుది, నేపుల్స్ బూర్బన్ రాజులది. ఎక్కడికక్కడ సెన్సారు. వర్తమానం గురించి నోరు విప్పలేని రచయితలు పాత చరిత్రను ఆశ్రయించారు. ఆ కాలపు చారిత్రక విషాద నాటకాన్నీ, ఒపెరానీ విడివిడిగా చూస్తే రెండూ సగమే అర్థమవుతాయి. రెండింటికీ ప్రాణం బృందగానమే.

దారి చూపినవాడు అలెస్సాండ్రో మంజోనీ. కథంతా ఒకే చోట, ఒకే రోజులో జరగాలనే స్థలకాలాల ఐక్యత అనే పాత నియమాన్ని ఆయన పక్కన పెట్టాడు. బృందగానం నాటకంలో కవి తన సొంత గొంతుతో మాట్లాడుకునే మూల అని ‘కార్మాన్యోలా ప్రభువు’ (1820) ముందుమాటలో చెప్పాడు. అలాంటి చోటు ఒకటుంటే తన అభిప్రాయాలను పాత్రల నోట కుక్కే అవసరం రాదు. ‘అదెల్కి’ (1822)లో షార్లమేన్ సేనల ధాటికి లొంబార్డులు పారిపోతుంటే, ఇన్నాళ్లూ వాళ్ల కింద నలిగిన జనం ఆశగా చూస్తారు. వచ్చేవాడు మీ కోసం రావడం లేదు, మరో యజమాని అవుతాడంతే అని బృందగానం హెచ్చరిస్తుంది. మిలాన్ పాఠకుడికి ఇంతకంటే వివరణ అక్కర్లేకపోయింది.

ఆ మూలలోని గొంతును ఒపెరా స్వరకర్త జుసెప్పే వెర్దీ రంగస్థలం నడిమధ్యకు తెచ్చాడు. 1842లో లా స్కాలాలో ఆడిన ‘నబుక్కో’లో, బాబిలోన్ చెరలోని యూదులు మొదట అందరూ ఒకే స్వరంలో, లోగొంతుకతో పాడతారు. జాతి మొత్తం ఒక్క మనిషై దుఃఖిస్తున్నట్టుంటుంది. ఆ తర్వాతే గొంతులు విచ్చుకుని వేర్వేరు స్వరాలవుతాయి. తొలి రాత్రే ప్రేక్షకులు దీన్ని పట్టుబట్టి మళ్లీ పాడించుకున్నారన్న ప్రసిద్ధ కథను పరిశోధకులు తోసిపుచ్చారు. ఈ పాటకు ఆ కథ ఆసరా అవసరం లేదు.

సెన్సారు మాత్రం వదల్లేదు. వెర్దీ మరో ఒపెరాకు స్వీడన్ రాజు హత్యను కథగా తీసుకుంటే, రోమ్‌లో 1859 నాటికి ఆ కథ అమెరికాలోని బోస్టన్‌కు తరలిపోయింది.

నా దృష్టిలో ఈ సంప్రదాయానికి శిఖరం వెర్దీ ఒపెరా ‘సిమోన్ బొక్కనేగ్రా’. 1857లో వెనిస్‌లో అది విఫలమైంది. 1881లో కవి అర్రీగో బొయితో సాయంతో వెర్దీ దాన్ని తిరగరాసి, జెనోవా సభామందిర దృశ్యాన్ని కొత్తగా చేర్చాడు. అన్నదమ్ముల్లాంటి నగరాలు ఒకదాన్నొకటి చంపుకోవద్దంటూ పెట్రార్క్ రాసిన ఉత్తరాలే దానికి ప్రేరణ. గోడల అవతల నుంచి అల్లరి మూక అరుపులు వినిపిస్తాయి. జెనోవా పాలకుడైన సిమోన్ తలుపులు తెరవమంటాడు. ప్రభువులూ సామాన్యులూ కత్తులు దూసుకుంటుంటే మధ్యలో నిలబడి శాంతి కోరతాడు. అతని కూతురి స్వరం ఆ సమూహగానం మీదుగా తేలిపోతుంది. ఆ వెంటనే, కూతురి అపహరణ వెనకున్న అపరాధి ఎవరో గ్రహించిన పాలకుడు, ఆ అపరాధి చేతనే ‘అపరాధి’కి శాపం పెట్టిస్తాడు. సభ మొత్తం ఆ శాపాన్ని తిరిగి పలుకుతుంది. తండ్రి ప్రేమ, రాజకీయం, ప్రజాగ్రహం ఒకే క్షణంలో వినబడేలా చేయడం మాటల నాటకానికి సాధ్యం కాదు. అక్కడ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాల్సిందే.

ఒపెరా కొత్తవాళ్లకు నా విన్నపం ఒక్కటే. 1881 నాటి రూపాన్నే వెతకండి. పాటల అనువాదం ఎదురుగా పెట్టుకుని, మొదటి అంకం చివరనున్న ఈ సభా దృశ్యాన్ని ముందు వినండి. మిగతా కథను ఆ తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టండి.