అటకెక్కిన పొదుపు

మిషిగన్‌లో అక్టోబరు నడిమికి వచ్చునప్పటికే ఉదయమున పచ్చికపై నూగుమంచు పేరుకొనుచుండగా, మా అబ్బాయి ఇంట థర్మోస్టాటు 74 ఫారన్‌హీటు డిగ్రీల వద్ద నిలిచియుండుటయు, మనుమలు పొట్టిచేతుల బనీనులతో సోఫాపై దొర్లుచుండుటయు, ప్రక్కబల్లపై నిరుటి జనవరి గ్యాసు బిల్లు పడియుండుటయు ఏకకాలమున కంటబడి, ఈ వారము నాకు పట్టరాని కోపము వచ్చినది. పత్రికలలో నా వ్యాసములను ఎరిగిన పాఠకులు, పొదుపు అనునది నడవడియే గాని పరికరము గాదను నా పాతపాటను మరల అందుకొందునని ఈపాటికి ఊహించియే యుందురు.

అందుకొంటిని కూడ. 1977 ఫిబ్రవరి 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టరు ఉన్ని స్వెట్టరు తొడుగుకొని, నిప్పుగూటి చెంత కూర్చుండి, ఇండ్లలో వేడిని పగలు 65, రాత్రి 55 డిగ్రీలకు తగ్గించుకొమ్మని టెలివిజనులో ప్రజలను వేడిన వృత్తాంతమును ధర్మోపదేశముగా వినిపించితిని. అంతయు విని మా కోడలు, “మామయ్యగారూ, స్వెట్టరు మనం వేసుకుంటాం సరే, గోడలో ఉన్న నీళ్ల పైపుకి ఎవరు వేస్తారు?” అన్నది.

ఆ ప్రశ్న నన్ను మా కోనసీమ మండువా ఇంటికి కొనిపోయినది. నాలుగు వైపుల వసారాలు, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, వీధిగుమ్మమున నిలిచినవానికి పెరటి నుయ్యి కనబడునట్లు ఎదురెదురుగా తీర్చిన తలుపులు, పెంకుల సందులనుండి వెడలిపోవు వంటింటి పొగ; ఆ కట్టడమంతయు వైశాఖపు ఉక్కను తరిమివేయుటకే గాని పుష్యమాసపు చలిని ఆపుటకు ఏర్పడినది గాదు. చలి వచ్చినచో ఇంటిని వెచ్చజేయవలెనను ఊహయే ఎవరికిని లేదు, మనిషిని వెచ్చజేసెడివారు. మా నాయనమ్మ తెల్లవారుజామున కుంపటిలో బొగ్గులు రాజేసి, పైటకొంగు చెవులమీదుగా చుట్టుకొని, అరచేతులు కాచి మా చెంపలకు అద్దెడిది. తాతగారు దుప్పటి ముసుగులోనుండియే పాలేళ్లకు పనులు పురమాయించెడివారు. మా ఇంటిల్లిపాది వెచ్చదనమునకు గుప్పెడు బొగ్గులే ఖర్చు.

ఆ నీతి ఇచ్చట చెల్లదు. చలిగాలి చొరబడు బయటిగోడలో నీరు గడ్డకట్టినచో వ్యాకోచించి గొట్టమును పగులగొట్టును గనుక, మనుష్యులు ఎన్ని దుప్పట్లలో దూరినను ఇల్లు వెచ్చగా నుండక తప్పదు. కావున కంబళి కప్పవలసినది ఇంటికే. గాలి విసరుచున్న ఒక సాయంకాలము పూజగదిలోని అగరువత్తి వెలిగించి, కిటికీ చట్రముల వెంబడి, తలుపుల అంచుల వెంబడి త్రిప్పి చూచితిమి. కిటికీల వద్ద పొగ ఒకింత వణికినది. అటకకు ఎక్కు తలుపు వద్ద మాత్రము నిట్టనిలువుగా సాగి సందులో మాయమైనది. వేడిగాలి తేలిక గనుక పైకెగసి అటక సందులనుండి వెడలిపోవును. ఆ చోటును నింపుటకు క్రింది సందులనుండి చలిగాలి లోనికి వచ్చును. మొదట గొట్టములు, తీగలు అటకలోనికి పోవు రంధ్రములను పూడ్చి, పిదప పైన వేడిని నిలుపు సెల్యులోజు పరవవలెను. ఈ సెల్యులోజు చాలవరకు పాత వార్తాపత్రికలను పొడిచేసి, సులభముగా నిప్పంటుకొనకుండ బోరేటు లవణములు కలిపి చేసినది. నా వ్యాసములు ఒకరికి ఉపకరించు మార్గము ఇన్నాళ్లకు దొరికినది.

రోజునకు 8 గంటలు థర్మోస్టాటును 7 నుండి 10 డిగ్రీలు తగ్గించినచో ఇంటిని వెచ్చజేయు, చల్లబరచు ఏటి ఖర్చులో 10 శాతము వరకు మిగులునని అమెరికా ఇంధనశాఖ చెప్పుచున్నది. మంచిదే, కాని తాత తగ్గించిన మీటను మనుమడు పెంచుచునే యుండును. నడవడిని నమ్ముకొన్న పొదుపు ఇంటిలో ఒక్కని పట్టుదల ఉన్నంతవరకే నిలుచును; అటకపై ఒకమారు పరచిన పొదుపునకు ఎవరి సద్బుద్ధితోను పనిలేదు. కావున కొత్త కిటికీలకు అప్పు చేయదలచినవారు ముందుగా అటకెక్కి చూడుడు. సందులు పూడ్చిన ఇంట కార్బన్ మోనాక్సైడు అలారము లేకుండ మాత్రము ఫర్నేసు వెలిగింపకుడు.