పులి చారలు – రెండు పఠనాలు: చామల లోయ వేటకథనంపై ఒక పరిశీలన

కెన్నెత్ ఆండర్సన్ 1954లో వెలువరించిన ‘నైన్ మ్యానీటర్స్ అండ్ వన్ రోగ్’ గ్రంథంలో శేషాచలం అడవుల్లోని చామల లోయ నేపథ్యంగా ఒక వేటకథనం ఉంది. దాని శీర్షిక ‘ద స్ట్రైప్డ్ టెర్రర్ ఆఫ్ చామల వ్యాలీ’. శీర్షికలోనే చారలు భీతికి సంకేతమయ్యాయి. కథనంలో పులిది నేరస్థ పాత్ర. దాని వేటే కథాలక్ష్యం.

1990లలో కర్ణాటకలోని నాగరహొళె అడవుల్లో ఉల్లాస్ కారంత్ అనుసరించిన కెమెరా ట్రాప్ పద్ధతి అవే చారలను మరోలా చదివింది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కనుక అవి లెక్కింపునకు ఆధారమయ్యాయి. కథనం ఒక్క పులిని వెంబడిస్తుంది. పరిశోధన పులుల సంతతిని, అవి తిరిగే నేలను గమనిస్తుంది. కమలాపురానికి తూర్పున ఉన్న నల్లమల, లంకమల, శేషాచలం శ్రేణులను విడివిడి అడవులుగా కాక పులుల రాకపోకలకు ఒకే దారిగా చూడటం ఈ దృష్టి ఫలితమే.

అంతమాత్రాన ఆండర్సన్ కథనాన్ని వేటగాని స్వోత్కర్షగా తోసిపుచ్చలేము. పులికి బలైన మనుషులు అందులో ఉన్నారు. వారి భయం కెమెరా చిత్రంలో నమోదు కాదు. అడవి అంచున బతికే రైతు, కాపరి సమ్మతి లేనిదే సంరక్షణ నిలవదు. కాబట్టి ఈ రెండు పఠనాలలో ఏ ఒక్కటీ తనంతట తాను సంపూర్ణం కాదు.