జానెడు నేలే యుద్ధరంగం

యుద్ధ నవల అంటే సేనాధిపతులూ మ్యాపులూ లక్షల సైన్యమూ ఉండాలనుకునేవాళ్లు సోవియట్ 'లెఫ్టినెంట్ల సాహిత్యం' చదవాలి. ఇరవై ఏళ్లు నిండీ నిండకుండా ప్లటూన్లు నడిపి, ఎలాగో బతికి బయటపడ్డ కుర్రాళ్లు రాసిన పుస్తకాలవి. దేశభక్తిని అంత నిజాయితీగా పట్టుకున్న యుద్ధ నవలలు నాకు ఇంకెక్కడా కనపడలేదు.

దారి వేసినవాడు విక్టర్ నెక్రాసోవ్. స్టాలిన్‌గ్రాడ్‌లో సాపర్ అధికారిగా పోరాడి, 1946లో 'స్టాలిన్‌గ్రాడ్ కందకాలలో' అచ్చువేశాడు. ముందు పుటల నిండా తిరోగమనమే, వెనక్కి నడిచే సైనికుల సిగ్గే. కథానాయకుడు కెర్జెంత్సెవ్ దగ్గర వాలెగా అనే ఆర్డర్లీ ఉంటాడు. ఆల్తాయ్ కుర్రాడు, ఎక్కాలు తడబడతాడు, మాతృభూమి అంటే ఏమిటో వివరించమంటే నోరు పెగలదు. ఆ నేల కోసం ఆఖరి తూటా దాకా నిలబడేది మాత్రం అతనే. వేదికల మీది ఉపన్యాసాలన్నీ ఒకవైపు, ఈ వాలెగా ఒకవైపు! ఇదే నవలలో అబ్రోసిమోవ్ అనే అధికారి మెషిన్‌గన్లకు ఎదురుగా సైనికుల్ని తరిమి చంపిస్తాడు, విచారణకు నిలబడతాడు. స్టాలిన్ బతికుండగా ఇలా రాయడానికి ఎన్ని గుండెలు కావాలి? మరుసటి ఏడే ఆ పుస్తకానికి స్టాలిన్ బహుమతి వచ్చింది.

వీళ్ల పనితనమంతా హద్దు గీసుకోవడంలో ఉంది. గ్రిగొరీ బక్లానోవ్ నవల పేరే 'జానెడు నేల' (1959). ద్నీస్తర్ ఒడ్డున చిన్న స్థావరం, అంతే కథాస్థలం. యూరీ బోందరెవ్ 'వేడి మంచు'లో ఒక ఫిరంగి దళం మీదికి ట్యాంకులు వస్తాయి. బొరీస్ వసీల్యెవ్‌కు అయిదుగురు అమ్మాయిలు, ఒక సార్జంటు చాలు. స్థలం ఇరుకైన కొద్దీ మనిషి పెద్దగా కనపడతాడు. విమర్శకులు దీన్ని 'కందకపు నిజం' అని ఎద్దేవా చేశారు. కందకంలో దొరకని నిజం ఇంకెక్కడ దొరుకుతుందట?

అందరిలోకీ నా ఓటు బెలారూస్ రచయిత వాసిల్ బీకోవ్‌కే. చనిపోయాడనుకుని ఆయన తల్లికి మరణవార్త పంపారు, సామూహిక సమాధి మీద ఆయన పేరు కూడా చెక్కారు. అలాంటి మనిషి రాసిన 'సోత్నికోవ్' (1970)లో ఇద్దరు గెరిల్లాలు చలికాలం తిండి వెతుక్కుంటూ వెళ్లి శత్రువుకు చిక్కుతారు. సోత్నికోవ్ జ్వరంతో, దగ్గుతో ఉన్నాడు. రీబాక్ గట్టివాడు, ఉపాయశాలి. బీకోవ్ రీబాక్‌ను ఎక్కడా తిట్టడు. ముందు బతకాలి, తర్వాత తప్పించుకోవచ్చు అనే లెక్కలో ఒక్కో అడుగూ సబబుగానే తోస్తుంది. ఆ అడుగులే అతన్ని ఉరికంబం దాకా నడిపిస్తాయి. మెడకు ఉరితాడుతో సోత్నికోవ్ దుంగ మీద నిలబడ్డాడు, కింద ఆ దుంగను పట్టుకున్నది రీబాక్. గుంపులో పాత ఎర్రసైన్యం టోపీ పెట్టుకున్న ఒక పిల్లవాణ్ణి చూసి సోత్నికోవ్ కళ్లతోనే నవ్వుతాడు. తర్వాత రీబాక్ తానూ ఉరేసుకోవాలని మరుగుదొడ్డిలో దూరతాడు. నడుముకు బెల్టు లేదు, జైల్లోనే లాక్కున్నారు! ఈ ఒక్క వివరం ముందు ఎన్ని సంపుటాలు సరితూగుతాయి? లరీసా షెపిత్కో ఈ కథను సినిమాగా తీసి 1977లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలుచుకుంది.

ఇంతటి సాహిత్యానికి దక్కిన గతి తలచుకుంటే కడుపు రగిలిపోతుంది. వసీలీ గ్రోస్మన్ 'జీవితం, విధి' రాతప్రతిని 1961లో కేజీబీ ఎత్తుకుపోయింది, కార్బన్ కాగితాలు కూడా వదల్లేదు. ఆయన 1964లో పోయాడు. స్వదేశంలో ఆ నవల అచ్చయింది 1988లో. నెక్రాసోవ్‌ను 1974లో దేశం దాటించి, ఆయన పుస్తకాల్ని గ్రంథాలయాల నుంచి ఊడ్చేశారు. స్టాలిన్‌గ్రాడ్ గురించి అంత బాగా రాసినవాడికా ఈ శిక్ష!

ఇప్పుడు రష్యాలో అమ్ముడుపోయే సరుకు చూడండి. ఈ కాలపు కుర్రాడు ఎలాగో 1941లోకి ఊడిపడి, స్టాలిన్‌కు సలహాలిచ్చి యుద్ధం గెలిపిస్తాడు. అలాంటి నవలలు గుట్టలుగా వస్తున్నాయి. అందులో చలి లేదు, భయం లేదు, చచ్చిపోయినవాడి పేరు కూడా గుర్తుండదు. జెండా రంగులద్దిన ఈ నకిలీ సరుకును దేశభక్తి అనడం వాలెగాను అవమానించడమే.

మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చవగ్గా చేతికొచ్చిన రోజులు మనకున్నాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివాళ్లు అక్కడే కూర్చుని అనువాదాలు చేశారు. సోవియట్ యూనియన్‌తోపాటు ఆ ఊట ఎండిపోయింది. పాతవి తిరిగి అచ్చు వేయండి, లేనివాటిని తెలుగులోకి తెండి అని మన ప్రచురణకర్తల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలంటే మాత్రం, ముందు బీకోవ్.