కిలిమంజారో మంచు – కృష్ణ నీరు

2006లో వెలువడిన ‘యాన్ ఇన్‌కన్వీనియెంట్ ట్రూత్’ అనే అమెరికన్ చలనచిత్రం భూతాపాన్ని గురించి లోకాన్ని హెచ్చరించింది. దర్శకుడు డేవిస్ గుగెన్‌హైమ్. విషయాన్ని వివరించినవారు అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు ఆల్ గోర్. శాస్త్రవిషయాన్ని సామాన్యులకు అందజేయడంలో ఈ చిత్రం సాధించిన విజయం చిన్నది కాదు. అయితే ఉష్ణమండల పర్వతాల మంచును గురించి అది చెప్పినదానిని కొంత పరిశీలించవలసి ఉన్నది.

ఆఫ్రికాలోని కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. 1912లో ఆ కొండమీద సుమారు 12 చదరపు కిలోమీటర్ల మేర మంచు ఉండేది. 2011 నాటికి 2 చదరపు కిలోమీటర్లకన్న తక్కువే మిగిలింది. ఈ తరుగుదల నిజమే. చిత్రం పాత ఛాయాచిత్రాన్నీ కొత్తదానినీ చూపి, ఇదంతా భూతాప ఫలితమేనని ప్రేక్షకుడు అనుకొనేటట్లు చేసింది. పదేళ్ళలోపల మంచు ఉండదన్నది. పదేళ్ళు గడిచినా కొంత మంచు మిగిలే ఉన్నది.

లోపం ఎక్కడ ఉన్నది? హిమానీనదం ఒక చెరువు వంటిది. హిమపాతం దాని రాబడి; కరగడమూ, ఆవిరి కావడమూ దాని ఖర్చు. కిలిమంజారో శిఖరంమీద సగటు ఉష్ణోగ్రత సున్నకు సుమారు 7 డిగ్రీలు తక్కువ. అక్కడ మంచును హరించేది ముఖ్యంగా ఎండ. 1880 ప్రాంతంలో తూర్పు ఆఫ్రికా వాతావరణం పొడిగా మారింది, రాబడి తగ్గింది. అంతటితో పోలేదు. కొత్త మంచు తనపై పడిన వెలుతురులో నూటికి 80 పాళ్ళకు పైగా తిప్పికొడుతుంది. మురికిపట్టిన పాత మంచు సగమైనా తిప్పికొట్టదు. కాబట్టి హిమపాతం తగ్గితే ఖర్చు కూడా పెరుగుతుంది. పొడిగాలిలో మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది.

బొలీవియాలోని చకల్తాయా హిమానీనదం కథ వేరు. అది 2009లో అంతరించింది. అక్కడ వేడి పెరగడమూ, ఎల్ నినో సంవత్సరాలలో హిమపాతం తగ్గడమూ కలిసి పనిచేశాయి. ఈ రెండు కొండలనూ ఒకే గాటన కట్టరాదు.

ఈ పొరపాటుకు మూల్యం లేకపోలేదు. 2007లో లండన్ హైకోర్టు, చిత్రంలోని ముఖ్యవిషయాలు మొత్తంమీద సరియైనవేనంటూనే, కిలిమంజారో ప్రస్తావనను లోపాలలో చేర్చింది. భూతాపాన్ని శంకించేవారికి అదొక ఆయుధమైంది.

కృష్ణా డెల్టా ప్రేక్షకునికి ఇది దూరపు కొండల ముచ్చట కాదు. హిమాలయ మంచు తరిగితే నదులకు కలిగే ముప్పును చిత్రం వర్ణిస్తుంది. అది చూచి కృష్ణకూ అదే గతి అనుకొనరాదు. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణకు మంచుకొండలు లేవు, వానలే ఆధారం. విజయవాడలోని ప్రకాశం బారేజి కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది. చకల్తాయాకు కీడు చేసిన ఎల్ నినోయే నైరుతి ఋతుపవనాన్నీ తరచు బలహీనపరుస్తుంది. బలమైన ఎల్ నినో వచ్చిన 2015లో దేశంలో ఆ వానలు సగటుకన్న 14 శాతం తగ్గాయి. ఆ యేడే పట్టిసీమ నుంచి గోదావరి నీరు డెల్టాకు వచ్చింది. 2024 సెప్టెంబరులో అదే బారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పారింది.

కాబట్టి విద్యార్థులకు ఈ చిత్రం చూపే ఉపాధ్యాయులు వేడితోపాటు వాన, తేమ, మబ్బు, ఎండలను గురించి కూడా చెప్పడం అవసరం. అందువల్ల చిత్రం చేసిన హెచ్చరిక బలహీనపడదు. డెల్టా రైతుకు మరింత దగ్గరవుతుంది.