పురుగు మెచ్చిన ఆకు

హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగుల మేతకి పెంచే వీ-1 రకం మల్బరీ తోటలోకి ఎవరు దిగినా కన్ను ముందు ఆకు మీదే పడుతుంది. అరచేయంత వెడల్పు, ముదురు పచ్చ, మంచి నిగనిగ. రైతు పనితనం చూడాలంటే మాత్రం వంగి సాళ్ల మధ్య మట్టి చూడాలి.

ఎకరాకి ఏడాదికి ఎనిమిది టన్నుల పశువుల ఎరువు, రెండు దఫాలుగా వేస్తారు. వేసేముందు దిబ్బలోంచి పిడికెడు తీసి నలిపి చూస్తారు. పొడిపొడిగా రాలాలి, పేడ కంపు పూర్తిగా పోవాలి. మాగని పేడ వేస్తే దాంతోపాటే చెదలూ వేరుపురుగూ వస్తాయి.

రసాయన ఎరువు దగ్గర చెయ్యి ఇంకా ఆచితూచి కదులుతుంది. నీటి వసతి ఉన్న వీ-1 తోటకి ఏడాదికి ఎకరాకి 140 కిలోల నత్రజని, భాస్వరం, పొటాష్ 56 కిలోల చొప్పున సిఫారసు. ఐదు పంటలకి పంచితే పంటకి 28 కిలోల నత్రజని, అంటే యూరియా 60 కిలోల పైచిలుకు. కొమ్మలు కత్తిరించిన రెండు మూడు వారాలకి, కొత్త చిగుళ్లు సాగుతుండగా, కలుపు తీసి మొదళ్లకి కాస్త ఎడంగా చాలు తీస్తారు. అందులో ఎరువు పోసి, వెంటనే మట్టి కప్పి, తడి పెడతారు. పైపైన విసిరేసి పోయేవాళ్లూ ఉన్నారు. వాళ్ల యూరియాలో కొంత గాలికే పోతుంది.

ఇంకో బస్తా వేస్తే ఆకు ఇంకా పెరుగుతుంది కదా? పెరుగుతుంది. చిక్కంతా అక్కడే. పట్టుదారం మాంసకృత్తే కాబట్టి ఆకులో నత్రజని లేనిదే గూడు లేదు. అది మితిమీరితే ఆకు నీరుపట్టి మెత్తబడుతుంది. చాకీ పురుగులకి, అంటే తొలి దశల పిల్ల పురుగులకి, లేత ఆకే కావాలి, నిజమే. కానీ నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి చర్మం విడవడం, దాటి లేచిన పెద్ద పురుగులు అలాంటి ఆకు తింటే నీరసిస్తాయి, రోగాలకి తేలిగ్గా లొంగుతాయి. మొత్తం మేతలో ఎనభై శాతానికి పైగా తినేది ఆ దశలోనే. అందుకే అనుభవజ్ఞుడు తట్టలోని రెట్ట చూస్తాడు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పురుగు రెట్ట గట్టిగా, ఆరు పలకల గింజలా ఉంటుంది. తడిగా అంటుకుంటుంటే ఏదో తేడా ఉన్నట్టే.

సేంద్రియమా, రసాయనమా అని సభల్లో సాగే కొట్లాట ఈ సాళ్లలో వినపడదు. యూరియా ఇచ్చిన సత్తువ కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది పశువుల ఎరువే. అందుకే కొందరు సాళ్ల మధ్య జనుము గానీ జీలుగ గానీ చల్లి, పూత దశలో కలియదున్నుతారు.

నాకు మరీ నచ్చేది పురుగుల్ని పెంచే షెడ్డు చెత్త విషయంలో ఈ రైతుల పట్టింపు. రెట్ట, తినగా మిగిలిన ఆకు, కొమ్మలు మంచి ఎరువే అయినా నేరుగా తోటలో వెయ్యరు. వాటిలో రోగక్రిములు ఉంటే తర్వాతి పంటకి చుట్టుకుంటాయి. గుంటలో పొరలు పొరలుగా వేసి, పేడనీళ్లు చల్లి, పైన మట్టి మెత్తుతారు. లోపల పుట్టే వేడికి క్రిములు చస్తాయి. నెలల తర్వాత తవ్వి తీస్తే, ఏటా కావాల్సిన ఎనిమిది టన్నుల్లో కొంత బయట కొనే పని తప్పుతుంది.