మన ఎండకు తగ్గ ద్రవం

కారంచేడు, చీరాల వైపు చాలా ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీ ఒక మూల, చార్జింగ్‌కు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ ఇంకో మూల కనిపిస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేది నీళ్లు కలిపిన గంధకామ్లం. మెకానిక్ మూత విప్పి, హైడ్రోమీటరుతో యాసిడ్ పీల్చి, గాజు గొట్టంలో బుడ్డి ఎంతవరకు తేలిందో కంటికెదురుగా పెట్టుకుని చూస్తాడు. చలిదేశాల్లో నిండా చార్జయిన బ్యాటరీకి ఆ సాంద్రత 1.28 దాకా ఉంచుతారు, వేడిదేశాల్లో 1.24 దగ్గరే ఆపుతారు. ఎండకాలంలో చిక్కటి ఆమ్లం సీసపు పలకల్ని తొందరగా తినేస్తుంది. పైగా యాసిడ్ గడ్డకడుతుందన్న భయం మనకు లేదు. కాస్త శక్తి తగ్గినా బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. ఎండకు తగ్గట్టు ద్రవాన్ని మార్చుకోవడమనే, పాత బ్యాటరీల వాళ్లు ఎప్పుడో చేసిన ఈ పని స్కూటర్‌లోని లిథియం బ్యాటరీకీ జరగాలన్నదే నా వాదన.

లిథియం సెల్‌లో పోసే ద్రవం దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. ఇథిలీన్ కార్బొనేట్, డైమిథైల్ కార్బొనేట్ లాంటి ద్రావకాల్లో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణాన్ని కరిగిస్తారు. తొలి చార్జింగ్‌లోనే ఇథిలీన్ కార్బొనేట్ కొంత విరిగి, పాల మీద మీగడలా సెల్‌లోని గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ మీద పలుచటి పొర కడుతుంది. సెల్ ఆయుష్షంతా ఆ పొర మీదే ఆధారపడి ఉంది. వేడి పెరిగేకొద్దీ పొర కరుగుతుంది, లవణం విరుగుతుంది. లోపల ఏ మాత్రం తేమ ఉన్నా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టి మిగతా భాగాల్నీ కొరుకుతుంది. నిప్పురవ్వ తగిలితే డైమిథైల్ కార్బొనేట్ ఆవిరి సుమారు 17 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. మన కోస్తాలో చలికాలపు తెల్లవారుజామున కూడా అంత చల్లదనం అరుదు.

స్కూటర్లు అంటుకుంటే తప్పు ద్రవానిది కాదు, నాసి సెల్స్‌దీ చార్జింగ్‌ను అదుపుచేసే సర్క్యూట్‌దీ అనేవారున్నారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు రేగి, పైనున్న లాడ్జిలో 8 మంది చనిపోయారు. ఆ ఏడాది వరస ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షల్ని కఠినం చేసింది. అది అవసరమే. అయితే నిప్పురవ్వ ఎక్కడ పుట్టినా దాన్ని మంటగా పెంచేది ఈ ద్రవమే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ కొంత నయం, నిజమే, కానీ వాటిలో పోసేదీ ఈ రకం ద్రవమే.

ఈ ద్రవానికి బదులు ఘన ఎలక్ట్రోలైట్ వస్తే సమస్య తీరిపోతుందన్న మాటా వింటున్నాం. వాటిలో బాగా పనిచేసే సల్ఫైడ్ రకాలకు తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు. చేతికందే దారి ఇంకొకటుంది. ఎల్ఐఎఫ్ఎస్ఐ అనే లవణం వేడికీ తేమకూ బాగా నిలబడుతుంది. ధర ఎక్కువ, సెల్‌లోని అల్యూమినియం రేకును కొరికే గుణమూ ఉంది. అందుకే పాత లవణంలో కొంత పాళ్లు కలిపి వాడటం ఇప్పటికే మొదలైంది. వేడికి తగ్గ ద్రవం పోస్తే చలిలో సామర్థ్యం తగ్గుతుందన్న అభ్యంతరం చలిదేశపు లెక్క. మన వేడిలో పొర చెడకుండా నిలిస్తే మూడేళ్ల తర్వాత మన బండే ఎక్కువ దూరం పోతుంది.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా లిథియం సెల్ కర్మాగారం తలపెట్టింది. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ బ్యాటరీ పదార్థాల మీద పనిచేస్తోంది. ద్రవం పాళ్లు ఇక్కడి ఎండను బట్టి ఇక్కడే తేల్చాలి. సెల్ ఆయుష్షును సాధారణంగా 25 డిగ్రీల లెక్కన చెబుతారు. 45 డిగ్రీల దగ్గర వెయ్యిసార్లు చార్జ్ చేశాక సామర్థ్యం ఎంత మిగిలిందో ఆ అంకె కూడా బ్యాటరీ మీద అచ్చువేయాలని ప్రభుత్వం ఆదేశించాలి.