అచ్చయిన తర్వాత

కొత్తగా కథలు రాస్తున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "స్ఫూర్తి ఎక్కడ దొరుకుతుందండీ?" వానో, గోదారో, విఫలప్రేమో చెబుతానని ఎదురుచూస్తారు. నేను మాత్రం ఒక పెళ్లిళ్ల చిట్టా గురించి చెబుతాను.

విజయనగరం మహారాజా ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లకు ఒక జాబితా రాయించారు. మూడేళ్లకు లెక్క తేలినవి 1,034. అందులో 99 మంది పెళ్లికూతుళ్లకు ఐదేళ్లు. ముగ్గురికైతే ఏడాదే. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' తొలి కూర్పు ముందుమాటలో ఈ అంకెలన్నీ ఇచ్చారు.

ఆ జాబితా చేతికొస్తే మనలో చాలామందిమి ఏడుపు నాటకం రాస్తాం. ఆయన కడుపుబ్బ నవ్వించే నాటకం రాశారు. ముడిసరుకు అందరికీ అందుబాటులోదే. కోర్టు కాగితాల్లో, రేషన్ షాపు క్యూలో, పెళ్లి శుభలేఖల్లో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని ఎటునుంచి పట్టుకోవాలన్నదే రాసేవాడు తేల్చుకోవాల్సిన సంగతి.

అయితే నన్ను అంతకన్నా ఆకట్టుకున్నది ఆ తర్వాత జరిగిన కథ. నాటకాన్ని 1892లో ఆడారు, 1897లో అచ్చువేశారు. మెప్పూ వచ్చింది. ఇంకొకరైతే అక్కడితో చేతులు దులుపుకునేవారు. గురజాడ దాన్ని మళ్లీ విప్పారు. 1909లో రెండో కూర్పు వచ్చేసరికి ఐదంకాలు ఏడయ్యాయి, నాటకం దాదాపు కొత్తదైంది. ఈనాడు మనం చదివేదీ, ఆడేదీ అదే. మరుగునపడిన తొలి కూర్పును 1969లో పరిశోధకుడు బంగోరె మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

కథారచన మీద పుస్తకాలు కొనేముందు ఈ రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను. నాటకంలోని వేశ్య మధురవాణి ఒక్కదాన్నే వెంబడించినా చాలు. మొదటిదాంట్లో ఆమెకున్న చోటు చిన్నది. రెండోదాంట్లో రామప్పపంతులుతో ఆటాడుకునేదీ, చివరికి సంస్కర్త అయిన వకీలు సౌజన్యారావు పంతులంతటివాడి చేత తన నమ్మకాలను తరచి చూసుకునేలా చేసేదీ ఆమే. అది చదివినప్పటి నుంచీ, నా కథ మొదటి ప్రతి పూర్తికాగానే ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: ఇందులో నేను తక్కువ మాట్లాడనిచ్చింది ఎవరిని? చాలాసార్లు కథ ఆ మనిషి దగ్గరే ఉంటుంది.

రెండో పాఠం మాట గురించి. 'కన్యాశుల్కం'లో పేర్ల మీద వేలు పెట్టి మూసి, సంభాషణలు మాత్రం చదవండి. ఇంగ్లీషు దట్టించి గొప్పలు పోయేది గిరీశమనీ, ముక్కుమీద కోపంతో విరుచుకుపడేది అగ్నిహోత్రావధానులనీ ఇట్టే తెలిసిపోతుంది. ఇదే పరీక్ష మీ కథకు పెట్టండి. తాతా మనవడూ ఒకేలా మాట్లాడుతుంటే, ఆ ఇద్దరూ మీరే అన్నమాట. అప్పుడు కలం పక్కనపెట్టి బస్టాండుకో, సంతకో వెళ్లి కూర్చోవడం మంచిది. విన్న మాటను ఆ సాయంత్రమే రాసిపెట్టుకోవాలి. మర్నాటికి దాని యాస పోయి, మన యాస వచ్చి చేరుతుంది.

దీపావళి కథల పోటీలు దగ్గరపడితే హడావిడి మొదలవుతుంది. గడువు మంచిదే, అది లేకపోతే కొందరి కథలు పూర్తే కావు. కానీ బహుమతి రానంత మాత్రాన కథను మూలన పడేయనక్కర్లేదు. వచ్చిందని దాన్ని ముట్టుకోకుండా దాచుకోనూ అక్కర్లేదు. గురజాడ తిరగరాసింది ఎవరో కాదన్న నాటకాన్ని కాదు, ఆడి, అచ్చయి, శభాష్ అనిపించుకున్నదాన్ని. పత్రికలో పేరు చూసుకున్న ఆనందం నాలుగు రోజుల్లో తగ్గుతుంది. ఐదో రోజున ఎర్ర సిరా పెన్ను పట్టుకుని ఆ పేజీ ముందు కూర్చోగలిగినవాళ్ల రెండో కథ చదవాలని నాకు ఆశగా ఉంటుంది.